ఉడుము పొగాకు మానేసిన ఆరు వారాలు

"మింగేసి ఉంటే? ఒక్క చిటికెడు మింగినా చాలు కదా! నోరు తెరువు తల్లీ, ఆ... అను, ఆ..."

పది నెలల పాప ఆ అనలేదు. తల్లి చూపుడువేలు లోపల పెట్టి చిగుళ్ల చుట్టూ తిప్పబోతే, కొత్తగా వచ్చిన రెండు పళ్లతో కసుక్కున కొరికింది. వేలికి చొంగ తప్ప మరేమీ అంటలేదు. పాప మంచం కింద నుంచి లాక్కొచ్చిన గుండ్రటి డబ్బా మూత బిగుతుగానే ఉంది. అయినా ఆమె ఇంకోసారి నోరు తెరిపించి చూసింది. నీళ్ల నాణ్యత చూసే ల్యాబులో పనిచేసే మనిషి ఆమె. నికోటిన్ ఎంత మోతాదులో పసి ఒంటిని ఏం చేస్తుందో చదువుకున్నది. తెలియనివాళ్లకు ఉత్త భయమే ఉంటుంది, ఆమెకు అంకెలతో సహా ఉంటుంది.

డబ్బా ఆమె తమ్ముడిది.

వాడికి పందొమ్మిదేళ్లు. కుస్తీ పడతాడు. పన్నెండో ఏట ఒకసారి ఎదుటివాడి కాలు పట్టుకుని, ఈల వేసినా వదలకపోతే ఇద్దరు వచ్చి విడదీశారట. ఆ రోజు నుంచి వ్యాయామశాలలో అందరికీ వాడు ఉడుమే. అక్క ఇంటికి రెండు వీధుల అవతలే వ్యాయామశాల ఉండటంతో అక్క దగ్గరే ఉంటున్నాడు. పొద్దున్నే పరుగు, మధ్యాహ్నం దాకా టైర్ల షాపులో పని, సాయంత్రం కుస్తీ. ఇంట్లో ఉన్న కాసేపూ మేనకోడలు వాడి మెడ మీదే ఉంటుంది. నలిగిపోయి గట్టిపడిన వాడి చెవులంటే దానికి మహా ఇష్టం. రెండు చేతులతో పట్టుకుని గుర్రం తోలినట్టు తోలుతుంది.

వాడు షాపు నుంచి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏంట్రా ఇది?"

"డబ్బా."

"డబ్బా అని నాకూ కనబడుతోంది. లోపలేముంది?"

వాడు చెప్పులు విప్పడానికి అవసరమైన దానికన్నా ఎక్కువసేపు వంగాడు. "పొగాకు. రోజూ కాదక్కా..."

"పెదవి కిందకి లాగు."

అంత మనిషీ అలిగిన పిల్లాడిలా కింది పెదవి వేలితో లాగి చూపించాడు. లోపల, చిగుళ్ల దగ్గర, కందిపప్పు బద్దంత మేర తెల్లగా ముడతలు పడి ఉంది. ఆమె ఫోను లైటు వేసి దగ్గరగా చూసింది. ఆ చూపుకి వాడే భయపడి మొత్తం చెప్పేశాడు.

నాలుగేళ్లయింది. అరవై ఒక్క కిలోల తరగతి వాడిది. పదిహేనేళ్లప్పుడు ఒక సీనియర్ చిటికెడు చేతిలో పెట్టి, "ఇది పెట్టుకో, ఆకలి చస్తుంది" అన్నాడు. నిజంగానే చచ్చింది. పైగా పోటీల ముందు తూకానికి రెండు గంటల ముందు నుంచి అది పెదవి కింద పెట్టుకుని నోరూరినప్పుడల్లా ఖాళీ సీసాలో ఉమ్ముతూ కూర్చుంటారు. రెండు మూడు వందల గ్రాములు అలా దిగిపోతాయి. వ్యాయామశాలలో సగంమంది చేసేది అదే.

"ఒరే, నువ్వు సీసాలో ఉమ్మేది కొవ్వు కాదురా, నీళ్లు. ఒక గ్లాసు తాగితే మళ్లీ వచ్చేస్తుంది."

"తూకం అయిపోయాక వస్తే నాకేంటక్కా?"

ఆమె డబ్బాని చేతిసంచిలో పడేసింది.

"ఆరు వారాల్లో జట్టు ఎంపిక. ఇప్పుడు మానేస్తే ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, నా చోటు పోతుంది. నాలుగేళ్ల నుంచి దాని కోసమే చస్తున్నా" అన్నాడు వాడు.

"చస్తున్నావనే నేనూ అంటున్నా" అని ఆమె చెప్పులేసుకుంది.

పళ్ల డాక్టరమ్మ అద్దం పెట్టి అటూ ఇటూ చూసింది. ఇప్పటికైతే ప్రమాదంగా లేదనీ, మానేస్తే కొన్ని వారాల్లో పోయే అవకాశం ఉందనీ, మానకపోతే తను ఏ మాటా ఇవ్వలేననీ చెప్పి, రెండేసి వారాలకోసారి రమ్మంది. తిరిగొస్తూ వాడు వీధి మూల మీద చెత్తకుండీ దగ్గర ఆగి, "డబ్బా ఇటివ్వు" అన్నాడు. ఇచ్చింది. విసిరేశాడు. నాలుగడుగులు వేశాక జేబులోంచి రెండో డబ్బా తీసి అదీ విసిరేసి, "ఇంక లేవు, ఒట్టు" అన్నాడు.

మొదటి వారం వాడు కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. నిద్ర లేదు, తలనొప్పి, ముక్కు మీద కోపం. చెంచా కింద పడినా ఉలిక్కిపడేవాడు.

"బావమరిదీ, కుస్తీ వ్యాయామశాలలోనే అనుకున్నా. ఇంట్లో తలుపులతో కూడా పడుతున్నావే" అన్నాడు బావ.

"బావా, నువ్వు ఊరుకోకపోతే తర్వాత నీతోనే."

"నాది తొంభై కిలోల తరగతిరా. నువ్వు అర్హుడివి కాదు."

నవ్వకుండా ఉండలేకపోయాడు. ఆ వారంలో వాడు నవ్వింది అదొక్కసారే.

అక్క తన పని తను మొదలుపెట్టింది. ఫ్రిజ్ మీద గీతల కాగితం అతికించింది. అన్నం, గుడ్లు, కూర, పాలు అన్నీ వంటింటి తక్కెడలో తూచి పెట్టేది, కాలరీలు రాసేది. వాడు రోజూ మూడుసార్లు బరువు చూసుకునేవాడు. మొదటి వారానికి అరవై ఒకటిన్నర. రెండో వారానికి అరవై రెండున్నర. మూడో వారానికి అరవై మూడు దాటింది.

"ఉడుమా, మొసలివైపోతున్నావురా!" అన్నారు వ్యాయామశాలలో.

ఆమె పాప నిద్రపోయినప్పుడల్లా వ్యాసాలు చదివింది. నికోటిన్ మానితే ఒళ్లు ఖర్చు చేసే శక్తి కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ ఇంతగానా? లెక్క మూడుసార్లు వేసింది. ఎక్కడా తేడా లేదు. తక్కెడను కూడా అనుమానించి, లీటరు నీళ్లు పోసి పరీక్షించింది. తక్కెడ బాగానే ఉంది.

"నీ కాగితం బాగుంది, నేను బాగాలేను" అన్నాడు వాడు మర్నాడు పొద్దున్న, షూ లేసులు కట్టుకుంటూ. "తూకం రోజు ఒక్కసారి పెట్టుకుంటానక్కా. ఒక్క చిటికెడు."

ఆమె ఫ్రిజ్ మీది కాగితం వైపు చూసింది. వద్దనడానికి లెక్క కావాలి, లెక్కేమో వాడి పక్షాన ఉంది. "సాయంత్రం మాట్లాడదాం" అని మాత్రం అనగలిగింది.

మధ్యాహ్నం బట్టలు ఉతకబోతూ, పాపను చంకనెత్తుకుని, వాడి ట్రాక్ ప్యాంటు జేబులు బయటికి లాగింది. గుప్పెడు ఎర్రటి పొట్టు రాలింది. రెండో జేబులోనూ అదే. పల్లీల పొట్టు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని, చంకలో పిల్లతో సహా నవ్వుకుంది.

వాడు రాగానే అడిగింది. "పల్లీలు తింటున్నావా?"

"తినడం లేదే."

"జేబు నిండా పొట్టేంటి?"

"ఓ, అవా? అవి తినడం కాదక్కా. అది... నోట్లో వేసుకోవడం. చెయ్యి జేబులోకి పోయినప్పుడల్లా ఏదో ఒకటి ఉండాలి కదా."

"రోజుకెన్ని?"

వాడు ఆలోచించాడు. పొద్దున షాపుకెళ్తూ ఒక పొట్లం, సాయంత్రానికి ఇంకోటి. ఆమె అలాంటి రెండు పొట్లాలు తెప్పించి తూచి చూపించింది. రోజుకి ఒక పూట భోజనం కన్నా ఎక్కువ. నాలుగేళ్ల పాటు జేబులోంచి వాడి నోట్లో పడింది పొగాకే, అది తిండి లెక్కలోకి రాలేదు. అలవాటు మారింది కానీ ఆ లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

"అంటే నేను మానేసినందుకు కాదా పెరిగింది?" అని వాడు మూడుసార్లు అడిగాడు.

పల్లీల బదులు క్యారెట్ ముక్కలు జేబులోకెక్కాయి. నోరు మరీ పీకినప్పుడు పళ్లు తోముకునేవాడు. ఒక్కోరోజు ఐదుసార్లు. బరువు దిగి అరవై రెండున్నర దగ్గర ఆగింది. ఇంక కదల్లేదు. అప్పుడు కోచ్ వాడిని గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచాడు. రెండేళ్లలో మూడు సెంటీమీటర్లు పెరిగాడు.

"అరవై ఒకటి నీ పదిహేడేళ్ల ఒళ్లురా. ఆ చొక్కా ఇంక పట్టదు" అన్నాడు కోచ్. "పై తరగతిలో దిగు. అరవై ఐదు."

"అక్కడ అందరూ నాకన్నా బరువు సార్."

"బరువే గెలిపిస్తే మీ బావని పంపేవాణ్ణి."

ఎంపిక రోజు పొద్దున వాడు నాలుగేళ్లలో మొదటిసారి కడుపునిండా తిని తూకానికి వెళ్లాడు. సీసాలు పట్టుకుని ఉమ్ముతున్న కుర్రాళ్ల పక్కన కూర్చుని క్యారెట్ కొరుకుతూ ఉంటే, ఒకడు కోపంగా చూసి అవతలికి జరిగాడట. రెండు కుస్తీలు గెలిచాడు. మూడోది, ఆ తరగతిలో పాతకాపుతో, ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. జట్టు కాగితంలో వాడి పేరు రెండో వరసలో పడింది. మొదటివాడికి దెబ్బ తగిలితేనే దిగేది. అక్క మొహం చూసి వాడే ఓదార్చాడు: "ఆఖరి నిమిషంలో కూడా ఊపిరుందక్కా. ఎప్పుడూ ఉండేది కాదు. వచ్చే ఏడు చూడు."

డాక్టరమ్మ ఆ వారమే పెదవి లాగి చూసి, మచ్చ కనబడటం లేదంది. అయినా వస్తూ ఉండమంది.

ఆ మర్నాడు అక్క పాపను పసిపిల్లల తక్కెడ మీద పడుకోబెట్టి మొహం తేలేసింది. రోజూ పాపను తూచడం ఆమెకు అలవాటే. పాప నిన్నటికన్నా అరవై గ్రాములు తగ్గింది. డాక్టరుకి చెయ్యాలని ఫోను అందుకుంటుంటే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాలు తాగిందా?"

"తాగింది."

"ఆడుతోందా?"

పాప అప్పటికే తక్కెడ మీద నుంచి దిగి వాడి షూ లేసు నములుతోంది.

"అక్కా, నేను రోజుకి మూడుసార్లు తూకమెక్కి నాలుగేళ్లు నాశనం చేసుకున్నా. ఒక గ్లాసు నీళ్లకి, ఒక తడి లంగోటాకి భయపడ్డా. ఇప్పుడు వారానికోసారే ఎక్కుతున్నా. నువ్వూ అంతే చెయ్యి. ఆదివారం పొద్దున్నే, పాలు పట్టకముందు, బట్టల్లేకుండా ఒక్కసారి. మిగతా రోజులు తక్కెడ బీరువా మీద పెట్టేసి పిల్లని చూడు. ఒంట్లో బాగోకపోతే అదే చెప్తుంది, అప్పుడు నేనే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెడతా."

మొదటి వారం ఆమె రెండుసార్లు కుర్చీ ఎక్కి, బీరువా మీద చెయ్యి వేసి, దిగింది. ఇప్పుడు ఆదివారాలే.