మా ఆమె చూసిన ఒమన్

ఒమన్‌కు వచ్చిన కాన్నుంచి ఫోన్ల మా ఆమెతోని ఒక్కటే లొల్లి. "ఎండ మస్తున్నదే, నాతోని అయితలేదు, ఇంటికొచ్చేస్త" అని నేనంట. "మన ఊర్ల లేవా ఎండలు? అందరు ఉంటలేరా? ఇంకో రెండేండ్లు ఉండు" అని ఆమె అంటది. నిజ్వా అనే ఊర్ల, స్లాబులకు రేకులు కొట్టే షట్టరింగ్ పని నాది. ఎండకాలం ఇనుప రేకులు ముట్టుకుంటె చేతులు బొబ్బలెక్కుతయి. ఈసారి సైట్‌ల రెండుమాట్ల కండ్లు తిరిగి పడిపోయిన. భయపడ్తదని ఫోన్ల చెప్పలే. ఇగ చాలు, ఇంటికి పోవాలె అని గట్టిగ అనుకున్న. కంపెనీల అడిగితె ఎప్పుడంటె అప్పుడు పొమ్మన్నరు. ఇగ ఒప్పుకోవాల్సింది ఆమె ఒక్కతే.

గీ ముచ్చట ఫోన్ల తెగదు, ఎదురుంగ కూసోని చెప్పాలె అని ఆమెను విజిట్ వీసా మీద పిలిపించిన. సల్లటి జాగల, నవ్వుకుంట ఉన్నప్పుడు చెప్తె ఒప్పుకుంటదని నా లెక్క. గందుకే నిజ్వాకు కాకుంట సీదా ఒమన్‌ల ఆ కొసకున్న సలాలకు టికెట్ తీసిన. వానకాలమంత ఆడ సముద్రం మీదికెళ్లి మొగులొచ్చి కొండల మీద కూసుంటది. నా తెలివికి నేనే మురిసిపోయిన. మా ఆమె మస్కట్‌ల ఒక ఏసీలకెళ్లి ఇంకో ఏసీలకు మారి, సలాలల ముసురులకు దిగింది. ఎండ మొఖమే చూడలే.

తెల్లారి ట్యాక్సీ మాట్లాడుకొని కొండ మీది అడవికి పోయినం. సర్కారు కాపాడుతున్న అడవి అది. కింద సముద్రం మోత వినవడ్తది గని సముద్రం కనవడదు, గంత మంచు. వాన పడ్తలేదు, అయినా చెట్లకు తట్టుకున్న మొగులు ఆకులకెళ్లి టపటప కారుతనే ఉన్నది. తొవ్వకు అడ్డంగ ఒంటెలు పండుకున్నయి, హారన్ కొట్టినా లేస్తలేవు. మా ఆమె చెప్పులు చేతుల వట్టుకొని బురదల చిన్నపిల్ల లెక్క ఉరుకుతున్నది. ఆమెకు నవ్వాగుతలేదు, ఆమెను చూసి నాకు ఆగుతలేదు.

"అయ్యో, చింతచెట్టు!" అని ఒక్క కేక ఏసింది. నిజంగనే చింతచెట్టు, లేతచిగురు పెట్టి ఉన్నది. నేను వద్దనేలోపల్నే కొంగు ఒడి చేసి తెంపుడు షురూ చేసింది. ఎక్కడికెళ్లి వచ్చిండో అడవి కాపలా ఆయన, "మమ్నూ! మమ్నూ!" అని వేలూపుకుంట వచ్చిండు.

"తెంపొద్దంటున్నడే."

"నాలుగు రెమ్మలు తెంపితె ఆయన సొమ్మేం పోతది? పప్పుల ఏస్కుంటమని చెప్పు!"

చింతచిగురు పప్పు సంగతి నాకొచ్చిన అరబ్బీల ఏం చెప్పాలె? దండం పెట్టిన. ఆయన నవ్విండు గని ఒప్పుకోలే. తెంపిన చిగురు చెట్టు మొదట్ల పోసి, "పిసినారోడు" అని గొణుక్కుంట వచ్చింది మా ఆమె.

ఒక బండ మీద కూసున్నం. గిదే అదను అనుకొని, "ఏమే, నీకొక మాట చెప్పాలె" అన్న.

"ఆగు, నేనే చెప్పాలె" అని లేచి నడుం మీద చేతులు పెట్టింది. "గిదేనయ్యా నీ ఎడారి? నేను ఉక్కపోతల పొద్దంత బీడీలు చేసుకుంట చస్తుంటె, నువ్వు గీ మొగుల్ల తిరుగుకుంట ఎండ ఎండ అని ఏడుస్తున్నవా? రెండేండ్లు గాదు, నాలుగేండ్లు ఉండు!"

చెప్పుడే గాదు, వాళ్ల అమ్మకు వీడియో కాల్ చేసి, "నీ అల్లుడు సొర్గంల ఉన్నడే" అని చెట్టు చెట్టుకు తిప్పి చూపెట్టింది. నెత్తి కొట్టుకున్న. నా గొయ్యి నేనే తవ్వుకుంటి. ఎంత చెప్పినా, "ఊకో, నా కండ్లతోని చూస్తలేనా" అన్నది. నవ్వొచ్చింది గని లోపల మస్తు బాధయింది.

మూడో రోజు పొద్దుగాల నిజ్వా బస్సెక్కినం. తొవ్వల తినెతందుకు సలాల అరటిపండ్లు సంచి నిండ కొన్నది. కొండలు దాటుడుతోనే గీత గీసినట్టు పచ్చదనం ఆగిపోయింది. ఇగ అంత ఇసుకనే. బస్సుల ఏసీ సల్లగున్నది, ఆమె పండుకున్నది.

ఎడారి నడుమ హోటల్ కాడ బస్సు ఆగింది. చాయ్ తాగుదామని మా ఆమె దిగింది. దిగుడుతోనే పొయ్యిలకెళ్లి కొట్టినట్టు గాలి మొఖానికి కొట్టింది. "వామ్మో!" అని బస్సు డోరు వట్టుకున్నది. రోడ్డు పక్క నీళ్ల ట్యాంకర్ నీడకు పనోళ్లు కూసున్నరు. నెత్తికి, మొఖానికి తువ్వాలలు చుట్టుకున్నరు. ఉత్త కండ్లే కనవడ్తున్నయి.

"గా ముసుగులేందయ్యా?"

"ఎండకు."

"నువ్వు గూడ గట్లనే కట్టుకుంటవా?"

"ఆ."

ఆమె బస్సులకు పోయి అరటిపండ్ల సంచి తెచ్చి వాళ్ల ముందట పెట్టింది. చాయ్ ముచ్చట మర్చిపోయింది. మళ్ల సీట్ల కూసున్నంక నా చెయ్యి గుంజుకొని అరచెయ్యి తిప్పి చూసింది. పాత బొబ్బలు, కొత్త బొబ్బలు. ఒక్కొక్కటి వేలుతోని తడిమింది. కండ్లల్ల నీళ్లు దిగినయి ఆమెకు. నాకు గూడ ఆగలే.

బస్సు కదిలినంక కొంగుతోని మొఖం తుడుసుకున్నది.

"నేను పొయ్యే టికెట్ ఉన్నది గద, గా విమానంలనే నీకు గూడ తియ్యి" అన్నది. "చింతచిగురు మన ఊర్లనే తెంపుకుందాం. ఎవ్వడు వద్దంటడో నేను చూస్త."