కౌజు పిట్ట కూత ఉన్న వెబ్‌సైట్

బడులు మూతపడిన ఏడాది నేను ఆరో తరగతి. మాది పత్తికొండ పక్కన పల్లె. నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతూ ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఆన్‌లైన్ క్లాసుల కోసం అమ్మ ఫోను నా దగ్గరే ఉండేది. ఒకరోజు సైన్సు మేడం క్లాసు గ్రూపులో లింకు పెట్టింది. అది పిల్లల కోసం చేసిన ప్రకృతి వెబ్‌సైట్. బొమ్మ మీద నొక్కితే జంతువు కదిలేది, పక్కన దాని గురించి తేలిక మాటల్లో రాసి ఉండేది. పిట్టల పేజీలో కూతలు కూడా వినిపించేవి.

వాటిలో కౌజు పిట్ట ఒక్కటే నాకు తెలిసినది. మా ఇంటి వెనక బీడులో, తంగేడు పొదల్లో రోజూ పొద్దున్నే అరిచేది. ఎప్పుడూ సరిగ్గా కంటపడలేదు. ఒక పొద్దున పెరటి గోడ మీద కూర్చుని ఫోనులో దాని కూత పెట్టాను. బీడులోంచి జవాబు వచ్చింది. మళ్లీ పెట్టాను. పొదల సందులోంచి ఒక మగపిట్ట మెడ నిక్కించి గోడ దాకా పరుగెత్తుకొచ్చింది. గొంతు కింద నల్లటి గీత, కాలి వెనక ముల్లు, అంతా వెబ్‌సైట్‌లో ఉన్నట్టే ఉంది. సంతోషం పట్టలేక మా చిన్నాయనకు చెప్పాను.

చిన్నాయన నాన్నకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం మంచం మీద చోటిచ్చాడు.

"ఇంగేం రాసిండారు పాపా దాన్లో? చదివి చెప్పు," అన్నాడు.

ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పాను. చెదలు తింటుంది. పొద కింద, నేల మీదే గుడ్లు పెడుతుంది. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుంటే తరమడానికి వస్తుంది.

"శానా బాగుండాది. రేపు పొద్దున నాకూ చూపిచ్చు."

మరునాడు బీడులోకి పోయాం. ఆయన పొదల మధ్య సన్నటి వల కడుతుంటే ఎందుకని అడిగాను.

"దగ్గర్నుంచి చూడల్లంటే పట్టుకోవల్ల గదా. చూసి ఇడిచిపెడదాంలే."

నమ్మి కూత పెట్టాను. మగపిట్ట పరుగున వచ్చి వలలో పడింది. దాని వెనకే ఆడది కూడా వచ్చింది. చిన్నాయన మగదాన్ని నా చేతిలో పెట్టాడు. అరచేతిలో దాని గుండె దడదడ కొట్టుకుంటోంది.

"చూసినావా?"

"చూసినా. ఇడిచిపెడతా చిన్నాయనా."

ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, బీడీ ముక్క నలిపినంత తేలిగ్గా మెడ విరిచాడు. తర్వాత ఆడదాని మెడ. "ఇంతకుముందైతే గంపలో దీమం పిట్టను పెట్టుకుని, అది అరిచి మిగతావాటిని పిలిచేదాకా కూసోవల్ల. నీ ఫోనుకు గింజలెయ్యే పని కూడా ల్యా," అన్నాడు.

సాయంత్రం మా అవ్వ కూర వండింది. నేను తిననంటే నవ్వారు.

"పిలిచింది పాపే గదా. తొలి ముక్క దానికే పెట్టు," అన్నాడు చిన్నాయన.

అవ్వ నా దవడలు పట్టి నోరు తెరిపించి ముక్క పెట్టింది. కక్కుకున్నాను. అమ్మ నేల తుడిచింది.

ఆ తర్వాత చిన్నాయన ఎప్పుడు కూత పెట్టమన్నా నెట్టు లేదన్నాను. ఆయన గొడవపడలేదు. ఆ రోజు బీడులో నా పక్కన నిలబడినప్పుడే ఆ కూతను తన ఫోనులో రికార్డు చేసుకుని ఉన్నాడు. గుడ్ల కోసం పొదల కింద వెతికాడు. దొరికినవి ఉడకబెట్టించి నా ముందే ఒలుచుకుని తిన్నాడు.

మేడం ఆపుతుందనుకున్నాను. వెబ్‌సైట్‌లో ఏం నేర్చుకున్నారని క్లాసులో అడిగినప్పుడు ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. "అలా చేయడం తప్పని ఇంట్లో చెప్పమ్మా," అని మేడం ఇంకో అమ్మాయిని పిలిచింది. ఈలోపు ఎవరిదో మైకు తెరిచి ఉన్నట్టుంది, ఒక మగగొంతు క్లాసంతటికీ వినిపించింది: "ఏ పేజీలో ఉండాదంటరా ఆ కూత? వెతుకు."

కొన్నాళ్లకే పక్క పల్లెల మనుషులు ఫోన్లు, వలలు పట్టుకుని మా బీడుకు రాసాగారు. "ఈ పాపే గదా చెప్పింది," అని నన్ను నవ్వుతూ పలకరించేవాళ్లు. ఎండలు ముదిరేసరికి బీడులో కూత ఆగిపోయింది.

ఒకరోజు చిన్నాయన పొద్దంతా తిరిగి ఖాళీ వలతో వచ్చాడు.

"పాపా, ఆ ఫోన్లో కుందేలుది ఉండాదేమో చూడు."

"అది అరవదు చిన్నాయనా."

"ఏం తింటాదో, యాడ పండుకుంటాదో రాసింటారు గదా. చదువు."

చదవనన్నాను. చెంప మీద కొట్టాడు. చేటలో కందిబేడలు ఏరుతున్న అవ్వ తలెత్తి చూసి, మళ్లీ ఏరుకోసాగింది. ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కుని అరుగు మీద కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి ఒక్కొక్క బొమ్మ మీదా వేలు పెట్టి నొక్కుతూ, అది కదులుతుంటే చూస్తూ, చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు.