గోరేబాళలో దిగిన చీలికతోక పిట్ట

ఈ ప్రయాణం ఒక ఉత్తరం వల్ల పెట్టుకున్నాను. గోరేబాళ పొలాల మీద మబ్బుల వెంట వచ్చే స్విఫ్ట్ పిట్టలకు తోక లోతుగా చీలి ఉందని ఒక పక్షుల నిపుణుడికి రాస్తే, "డ్రాయింగు మాస్టార్లకు అలాగే కనిపిస్తుంది. మీ రాయచూరు స్టేషను చూరులో గూడు కట్టే పిట్టే అది" అని జవాబిచ్చాడు. ఒళ్ళు మండింది. దసరా సెలవుల్లో స్వయంగా వచ్చి చూడమని మళ్ళీ రాశాను.

ఉదయం ఆరున్నరకు రాయచూరులో సింధనూరు బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముసలామె నా మెడలోని దుర్భిణి చూసి, "ఏంది సార్, గది ఏసుకొని ఏడికి పోతున్రు?" అంది.

"పిట్టల్ని చూడటానికి."

"మీ ఇంట్ల పిట్టలు రావా ఏంది?" అని నవ్వింది.

మాన్విలో టీ తాగాం. పదిన్నరకు సింధనూరు. అక్కణ్ణుంచి గోరేబాళకు ఎడ్లబండి.

కాలువ నీళ్ళు వచ్చాక కృష్ణా జిల్లా నుంచి వచ్చి గోరేబాళలో వరి వేస్తున్న వెంకటరత్నం నా స్నేహితుడు. ఆయనింట్లో భోజనం చేస్తుండగా నిపుణుడు జీపులో దిగాడు. మూడింటికి మబ్బు కమ్మింది. దాని ముందు ముప్పై నలభై పిట్టలు, పురుగుల్ని గాల్లోనే పట్టి తింటూ, ఎక్కడా వాలకుండా. తర్వాత వాన దంచి కొట్టింది. వెలిశాక గట్టు మీద ఒకటి తడిసి పడి ఉంది.

వెంకటరత్నం భార్య సీతమ్మ దాన్ని కొంగులో పట్టి తెచ్చింది. నడుం మీద తెల్లపట్టీ స్టేషను పిట్టకూ ఉంటుంది. కానీ దీని ఒళ్ళు పొడుగు, తోక కత్తెరలా చీలి ఉంది. ఎక్కడో ఉత్తరాన పుట్టి చలికి దక్షిణం పట్టే అరుదైన జాతి. నిపుణుడు సంచిలోంచి దూది, మందుసీసా తీశాడు.

"ఏం చేస్తారండీ?" అంది సీతమ్మ.

"చంపి భద్రపరచాలి. లేకపోతే రుజువుండదు."

"కళ్ళెదుట కనపడతంటే ఇంకా రుజువేంటండీ? ప్రాణం తీసి పేరెడతారా? అదేం చదువు!"

ఆయన చెయ్యి చాపాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. ఇంత దూరం ఎగిరొచ్చిన ప్రాణి మీదికి ఈ సీసాను రప్పించింది నా ఉత్తరమేనన్న సిగ్గు నా కోపాన్ని రెట్టింపు చేసింది.

రెక్కలారాక వెంకటరత్నం దాన్ని నేల మీద వదిలాడు. కాళ్ళు మరీ పొట్టి. రెక్కలు మట్టికి కొట్టుకున్నాయే తప్ప లేవలేకపోయింది.

"దీనికి ఎత్తు కావాలండీ," అని గడ్డివామి ఎక్కి, అరచేతులు తెరిచాడు. పిట్ట కిందికి జారింది. ఇక నేలకు తగులుతుందనగా గాలి అందుకుని ఒక్క ఊపున పైకి లేచింది. సీతమ్మ చప్పట్లు కొట్టింది.

నిపుణుడు పుస్తకంలో "ఆధారం లేదు" అని రాసుకుని జీపెక్కాడు.

మర్నాడు ఎనిమిదింటి బస్సులో తిరిగొచ్చాను. మాన్వి దాటినా కోపం తగ్గలేదు. ఆ పిట్టల్ని చూడాలనుకునేవారు దసరా రోజుల్లో, మబ్బు పట్టిన మధ్యాహ్నం గోరేబాళ వెళ్ళండి. ఆయన పుస్తకంలో అవి లేవు. ఆకాశంలో ఉన్నాయి.