ఏట్లో పెళ్ళి

1998 జూన్ నెలలో నాకొక పరీక్ష పెట్టారు. బడిపిల్లల కోసం పట్నాల మీద, నదుల మీద, అడవుల మీద వీడియో సినిమాలు తీసే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉండేది. అందులో కెమెరా అసిస్టెంటు పోస్టు ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. అప్పటికి నాకు ముప్ఫై ఏడేళ్ళు. జగ్గయ్యపేటలో స్టూడియో పెట్టుకుని పదేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాను. ఆ వయసులో అసిస్టెంటేమిటని నవ్వినవాళ్ళున్నారు. నవ్వనీ. తలంబ్రాలు, అప్పగింతలు తీసీ తీసీ నా కంటికి తుప్పు పడుతోందని నాకు తెలుసు. రోడ్లూ, ఏళ్ళూ, ఊళ్ళూ తీయాలి. నాక్కావలసింది అదొక్కటే.

ఆ సంస్థలో మెట్లు మూడు. సీనియర్ కెమెరామన్ ఏం తీయాలో చెబుతాడు, కెమెరామన్ తీస్తాడు. అసిస్టెంటు బ్యాటరీలు చార్జింగు పెట్టి, ట్రైపాడ్ మోసి, తీసిన కేసెట్లకి చీటీలు రాసి భద్రం చేస్తాడు. డైరెక్టరు గారు నా కాగితాలు చూసి, పెళ్ళి వీడియోల వాళ్ళు కెమెరా ముందు నిలబడేవాళ్ళనే తీయగలరు, నిలబడనిదాన్ని తీయలేరు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఏం తెమ్మంటారో చెప్పండి, తెస్తా" అన్నాను. పది నిమిషాల సినిమా తెమ్మన్నారు. సగం పట్నం, సగం ప్రకృతి. అందులో ఒక్క మనిషి కూడా కెమెరా వంక చూడకూడదు. దసరా దాకా గడువు.

పట్నం భాగానికి బెజవాడ అనుకున్నాను. ఆ రోజుల్లో వీధిలో కెమెరా భుజాన పెడితే చాలు, టీ తాగేవాడు గ్లాసు పక్కన పెట్టి జుట్టు సర్దుకునేవాడు. ఎవరికీ తెలియకుండా తీయాలి. కెమెరా నడుస్తుంటే ముందువైపు చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. దాని మీద మా ఆవిడ సుజాత బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను. ముక్త్యాల నుంచి వెళ్ళే సిమెంటు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని, కెమెరా మీద తువ్వాలు కప్పి, లెన్సు ఒక్కటే బయటకు పెట్టి తీశాను. నందిగామ దాటాక రెండెడ్లబళ్ళు, పరిటాల దగ్గర జొన్నచొప్ప మోపులు, ఆ తరవాత ఒక్కసారిగా రిక్షాలూ, హారన్లూ, అరుపులూ. ఊరు పట్నంగా మారడం అద్దంలోంచి కనిపించింది. నాలుగుసార్లు తిరిగితే ఐదు నిమిషాలు కుదిరింది.

ప్రకృతి అనగానే నాకు తట్టింది మున్నేరు. పెనుగంచిప్రోలు దగ్గర ఎండాకాలంలో ఏరంతా ఇసకే, అక్కడక్కడా మడుగులు. ఎగువన ఖమ్మం వైపు వానలు పడితే ఒకరోజు కొత్తనీరు వస్తుంది. ఎండిన ఇసక మీదకి నీరు మొదటిసారి పాకడం ఏడాదికొక్కసారే. ఆ క్షణానికి మనం అక్కడుండాలి, లేకపోతే మళ్ళీ ఏడాదే. అది ఆషాఢం కావడం నా అదృష్టం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మా కెమెరాలకు సెలవు. సుజాత తమ్ముడు ఎగువ ఊళ్ళో ఉండేవాడు. నీరు కనబడగానే పెనుగంచిప్రోలు ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చెయ్యమన్నాను. నేను రోజూ పొద్దున్నే స్కూటరు మీద వెళ్ళి ఆ బూత్ ముందు కూర్చునేవాణ్ణి. ఆరో రోజున చేశాడు. "బావా, ఏరు దిగింది. పొద్దుగాలనే మా ఊరు దాటింది, జల్ది పో!"

సాయంత్రం నాలుగింటికి వచ్చింది. మనిషి తీరిగ్గా నడిచే వేగం, అంతే. ముందు సన్నటి తడి, దాని వెనక వేలెడు నీరు. ఇసక చిన్నగా బుసకొడుతోంది. గేదెల గిట్టల గుంటలు ఒకటొకటిగా నిండుతున్నాయి. ఒకటి నిండితే గాని రెండోదానికి పోవడం లేదు. కెమెరా నేలకు జానెడెత్తులో పట్టుకుని వెనక్కి నడుస్తూ ఎనిమిది నిమిషాలు కట్ లేకుండా తీశాను. నడుం పట్టేసింది. ఒడ్డెక్కి కూర్చున్నాను. నా బతుకులో నేను తీసిన మొదటి షాట్ అదేననిపించింది.

ఇక్కడ మా పెళ్ళి వీడియోల వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. కెమెరాలో తీసిన కేసెట్‌ని రా కేసెట్ అంటారు. దాన్ని మిక్సింగుకి ఇస్తే పాటలూ పూలూ కలిపి మాస్టర్ తయారుచేస్తారు. మాస్టర్ కాపీ పెళ్ళివారికి పోతుంది, రా కేసెట్ మళ్ళీ మన సంచిలోకి వస్తుంది. దాని మీదే ఇంకో పెళ్ళి. అలా ఒక్కో కేసెట్ నాలుగైదు పెళ్ళిళ్ళు మోస్తుంది. కేసెట్ వీపున ఒక మూల చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద రికార్డింగు జరగదు. పదేళ్ళలో నేనొక్కటి కూడా విరవలేదు. మా లెక్కలో బిళ్ళ విరిగిన కేసెట్ చచ్చిన కేసెట్. రా కేసెట్ల మీద పేర్లు రాసే అలవాటూ లేదు. ఎలాగూ చెరిపేదానికి పేరెందుకు?

మున్నేటి కేసెట్‌ని ఇంట్లో మూడుసార్లు చూసుకున్నాను. స్టూడియోకి వచ్చిన ఒక పెద్దమనిషికి గొప్పగా మొదటి రెండు నిమిషాలు చూపించి, ఆపి, వెనక్కి తిప్పకుండానే తీసి సంచిలో పడేశాను. అదే సంచి. ఈలోగా శ్రావణం వచ్చింది, పెళ్ళిళ్ళు మీద పడ్డాయి.

ఆ నెలాఖరున బెజవాడలో మస్తాన్ మిక్సింగ్ యూనిట్‌కి వెళ్ళాను. నా పెళ్ళిళ్ళన్నీ అతనే మిక్సింగు చేసేవాడు. నందిగామ పెళ్ళి కేసెట్లు ఇచ్చాను. మొదటిది అయింది. రెండోది పెట్టాడు. టీవీలో ఇసక, తడి, గిట్ట గుంటలు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, గుంట నిండుతూ నిండుతూ చటుక్కున జీలకర్ర బెల్లం.

"అన్నా, ఈ పెళ్ళి ఏట్లో చేశారా ఏంది?" అన్నాడు మస్తాన్ నవ్వుతూ.

నువ్వే ఏదో కలిపావని వాడి మీద కేకలేశాను. "కేసెట్ ఇప్పుడేగా నీ సంచిలోంచి తీసిచ్చావు, నేనేం కలుపుతానన్నా?" అన్నాడు. నిజమే. నందిగామ పందిట్లో ముహూర్తం ముంచుకొస్తుంటే సంచిలోకి చెయ్యి పోనిచ్చి అందిన కేసెట్ పెట్టింది నేను, బటన్ నొక్కింది నేను. మిగతా ఆరు నిమిషాల ఏరు ఆ పెళ్ళి కిందకి పోయింది. వెనక్కి తిప్పి చూడు, ముందుకు తిప్పి చూడు అని బతిమాలాను. "పైన పెళ్ళి ఎక్కాక కింద ఏరుండదన్నా" అన్నాడు వాడు మెల్లగా. బిళ్ళ విరవకపోయావా అని అడగలేదు, నా మొహం చూసి. ఆ రోజు తిరుగు బస్సులో ఏడ్చాను. సిగ్గుపడాల్సిన సంగతే అయినా చెబుతున్నాను.

దసరాకి ముందు ఐదు నిమిషాల పట్నం, రెండు నిమిషాల ఏరు పట్టుకుని హైదరాబాదు వెళ్ళాను. డైరెక్టరు గారు చూసి, ఏరు బాగుంది, మిగతాది ఏదీ అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. "మీరు అడుగుతున్న ఉద్యోగంలో మొదటి పనే కేసెట్లు కాపాడటమండీ" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పోస్టు ఇంకొకరికి ఇచ్చారు. మళ్ళీ తెస్తే చూస్తారా అని అడిగాను. తీసుకురండి, కానీ ఖాళీ ఉంటుందని మాటివ్వను అన్నారు.

మరుసటేడు అధిక జ్యేష్ఠం వచ్చింది. దాంతో ఆషాఢం ఆలస్యమై, కొత్తనీరు వచ్చే రోజులూ పెళ్ళి ముహూర్తాలూ ఒకదాని మీదొకటి పడ్డాయి. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు ఒప్పుకోనన్నాను. అందులో సుజాత మేనమామ కూతురి పెళ్ళి కూడా ఉంది. "సొంత మావయ్య ఇంట్లో పెళ్ళి. మా ఆయన ఇసకలో కూర్చున్నాడని చెప్పమంటారా?" అంది. చెప్పమన్నాను. నందిగామలో ఒక కెమెరామన్‌ని ఆ పెళ్ళికి కుదిర్చి, నేను పెనుగంచిప్రోలు వెళ్ళిపోయాను. ఆవిడ మాట్లాడటం మానేసింది. పందిట్లో వాళ్ళు ఆమెను ఎన్ని మాటలన్నారో తరవాత తెలిసింది. అది నా తప్పే, కానీ లేచి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

తొమ్మిది రోజులు కూర్చున్నాను. పదో రోజున సుజాత ఆటో దిగి క్యారియరు తెచ్చి ముందు పెట్టింది. "తినండి. అన్నం, పెళ్ళి లడ్డూలు. మీకని ఎవరూ పంపలేదు, నేనే తెచ్చా" అంది. తిరిగి వెళ్తుందనుకున్నాను, వెళ్ళలేదు. ఆ సాయంత్రమే నీరు వచ్చింది. పోయినేడాదిలా కాదు. ఎర్రటి నురగ, చెత్త, తెగిన చెప్పులు, పాలిథిన్ కవర్లు ముందు తోసుకుంటూ వచ్చింది. తేటగా లేదని ఆపెయ్యబోయాను. "ఏరొస్తుంటే ఆపుతారేంటి, తియ్యండి!" అని అరిచింది సుజాత. ఏడు నిమిషాలు తీశాను.

కెమెరా దించగానే కేసెట్ బయటికి తీసి, స్కూటరు తాళంచెవితో బిళ్ళ విరిచేశాను. అదేంటి విరిచేశారని కంగారుపడింది. "ఇక నేను కూడా చెరపలేను" అన్నాను. తరవాత పేరు రాశాను. అన్నం ఆ తరవాతే.

డైరెక్టరు గారు మొత్తం చూశారు. పోయినేడాదిది ఇంతకంటే బాగుండేదా అని అడిగారు. చాలా బాగుండేదండీ, తేటగా ఉండేది అన్నాను. "కావచ్చు. నేను మాత్రం చూడలేదు" అన్నారు. కొన్ని నెలలకి ఖాళీ వచ్చింది, కబురు పంపారు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన కెమెరామన్ దగ్గర అసిస్టెంటుగా చేరి, చాలా పట్నాలూ చాలా నదులూ తిరిగి, సీనియర్ కెమెరామన్‌గా రిటైరయ్యాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు వానకీ, దుమ్ముకీ, దొంగలకీ భయపడి ఏర్పాట్లు చేసుకుంటారు. చేసుకోవలసిందే. కానీ నా పనిని నాశనం చేసింది వాటిలో ఏదీ కాదు, పదేళ్ళు నాకు అన్నం పెట్టిన నా చేతి అలవాటు. తీసినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. నా చెయ్యి కూడా దాన్ని చెరపలేని స్థితికి తెచ్చినప్పుడే పూర్తయినట్టు. ఇది తెలియడానికి నాకు ఒక ఏడాదీ, ఆరు నిమిషాల తేట నీరూ ఖర్చయ్యాయి. ఏడాది మళ్ళీ వచ్చింది. ఆ నీరు మళ్ళీ రాలేదు.