ఒక రోజు ఆగి ఎక్కిన కొండ

మామ పోయాడన్న కబురు నేను నీళ్లలోంచి బయటికొచ్చిన పది నిమిషాలకి అందింది. విశాఖ దాటాక భీమిలి దారిలో, ఒడ్డున ఇసకలో కూచుని వీపు మీది సిలిండరు విప్పుకుంటున్నాను. ఫోను చేసింది ఆయన కూతురు. "బావూ, అయ్య ఎల్లిపోనాడు. పొద్దున్న అంబలి తాగి అరుగు మీద జేరబడ్డాడు. మరి నెగనేదు" అంది. వాళ్ల ఊరికి జీపులో నాలుగు గంటల దారి. అయినా, "రేపు గాని రాలేనమ్మా" అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

ఆయన నాకు చుట్టం కాడు. డుంబ్రిగుడ అవతల కొండ మీద సామలూ రాగులూ, కాస్త కాఫీ పండించుకునే మనిషి. నేను హార్బరులో ఓడల అడుగులు గీకే డైవర్ని. తొంభైల చివర ఆ పని మానేసి, పట్నాలవాళ్లకి నాలుగు రోజుల సెలవుల యాత్ర మొదలుపెట్టాను. రెండు రోజులు సముద్రం అడుగున చేపలు, రెండు రోజులు అరకు అడవిలో పక్షులూ జంతువులూ. అడవి తెలిసిన మనిషి కావాలని సంతలో అడిగితే అందరూ ఈయన్నే చూపించారు. మొదటి రోజునుంచే మామా అన్నాను. ఆయన నన్ను బావూ అనేవాడు. నా వెంట వచ్చిన వాళ్లెంతటి ఆఫీసర్లయినా సరే, నువ్వు అనే పిలిచేవాడు.

మొదటి ఏడాది నేనొక తెలివితక్కువ పని చేశాను. ముందు సముద్రం, తర్వాత కొండ అని పెట్టాను. లోతులో ఎక్కువసేపు ఉన్న మనిషి ఒంట్లో గాలి కలిసిపోయి ఉంటుంది. వెంటనే ఎత్తుకి తీసుకెళితే గోలీసోడా కొట్టినట్టు అది బుడగలై కీళ్లలోకీ నెత్తురులోకీ వస్తుంది. విమానం ఎక్కకూడదని నాకు తెలుసు. కొండ కూడా ఎత్తేనని తోచలేదు. బుద్ధెరిగినప్పటినుంచీ కొండంటే నాకు చల్లగా ఉండే చోటు, అంతే. పైకి వెళ్లాక ఒకాయన వెనకబడ్డాడు. మామ ఆగి చూశాడు. "ఈ బావు మోసెయ్యి పట్టుకు నడుత్తన్నాడు. ఎక్కడా పడనేదు, దెబ్బ తగల్నేదు. దించీ బావూ, బేగి దించీ" అన్నాడు. దించాను. ఆయన బతికాడు. ఆ రోజునుంచి నా యాత్ర తిరగబడింది, ముందు కొండ, తర్వాత సముద్రం. సముద్రం నుంచి వచ్చినవాడు ఒక పగలూ ఒక రాత్రీ కొండెక్కకూడదన్నది నాకు దేవుడి మాట అయిపోయింది. అసలే నోటి దురుసువాణ్ణి. ఎవరైనా గునిసినా జీపులోంచి దింపేసేవాణ్ణి.

అడవిలో మామ నాకంటే కఠినం, కానీ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "మీ సబ్బు వాసన ముందు నడుత్తంది, మీరెనక వత్తన్నారు" అని పొద్దున్నే అందరి చేతా వాగులో ఉత్త నీళ్లతో మొహాలు కడిగించేవాడు. ముక్కు మీద కొమ్మున్న పెద్ద పక్షి ఒకటి ఉంటుంది. ఆడది చెట్టు తొర్రలోకి దూరి, సన్నటి సందు ఉంచి, మట్టీ రెట్టా మెత్తి తలుపు మూసుకుంటుంది. పిల్లలు పెరిగే దాకా మగదే పళ్లు తెచ్చి ఆ సందులోంచి పెట్టాలి. ఆ చెట్టుకి ఎంతో దూరాన మమ్మల్ని కూచోబెట్టి, వేలు చూపించొద్దనేవాడు. "మగది మనల్ని సూసి జడిసి రాకపోతే, లోపలున్న దాని గతేటి?" అనేవాడు. ఆయన కూచోమంటే గంటలు గంటలు కూచునేవాళ్లం.

చైత్రంలో వాళ్లకి ఇటుకల పండగ. మగవాళ్లంతా వేటకి పోతారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోసి ఏడిపిస్తారు. మామ వయసులో పేరున్న వేటగాడట. నేనెరిగాక మాత్రం ఏటేటా వేటజట్టుని ఆ చెట్టున్న వైపు కాకుండా ఏ జంతువూ తిరగని మెట్టల్లోకి తీసుకుపోయి, ఖాళీగా తిరిగొచ్చేవాడు. అత్త, అంటే ఆయన భార్య, బిందెడు పేడనీళ్లు నెత్తిన కుమ్మరిస్తూ, "ముసిలోడికి కళ్లు పోనాయి, కుర్రగుంటల్ని ఏటకి పంపండి ఒచ్చే ఏడు" అని ఊరంతా వినేలా నవ్వేది. ఎందుకు ఖాళీగా వచ్చాడో ఆవిడకి తెలుసు. ఆయనా నవ్వుతూ తడుస్తూ నిలబడేవాడు. నేను చూసిన సంసారాల్లో అంత బాగున్నది ఇంకొకటి లేదు.

సముద్రం అడుగు చూడాలని ఆయన కోరిక. ఏడాదికేడాది వాయిదా వేశాను. చివరికొక చలికాలం కొండ దిగే జట్టుతో పాటు జీపెక్కాడు. అత్తకి రెండు రోజులుగా జ్వరం. అయినా ఆవిడే, "ఎల్లి సూసిరా, ఎన్నాళ్లనుంచి అంటన్నావు" అని తరిమింది. చెయ్యి పట్టుకుని నాలుగు నిలువుల లోతుకి తీసుకెళ్లాను. ఇరవై నిమిషాలు. కొత్తవాళ్లు కొట్టుకున్నట్టు కొట్టుకోలేదు, అలా కదలకుండా ఉన్నాడు. చేపలు వచ్చి ఆయన చేతుల చుట్టూ తిరిగాయి. పైకొచ్చాక అన్నాడు, "నన్ను సూసి ఒక్కటీ పారిపోనేదు బావూ. అడివిలో ఇప్పటికీ పారిపోతాయి."

తల తుడుచుకుంటూ ఉండగానే ఒడ్డున నా డైవింగు షాపులో ఫోను మోగింది. డుంబ్రిగుడ టెలిఫోన్ బూత్ నుంచి కూతురు. అమ్మకి తెలివి తప్పింది, అయ్యని బేగి రమ్మనమంది. మామ కండువా భుజాన వేసుకుని నా మొహం చూశాడు.

"ఎల్లనా?"

"రేపు ఈ వేళ దాకా కొండెక్కకూడదు మామా. ప్రాణం మీదికొస్తుంది."

"నిజమేనా?"

"నిజమే."

కూచున్నాడు. అడవిలో తను కూచోమంటే మేం కూచున్నాం కదా, ఇది నా చోటు, నేను చెప్పాను, కూచున్నాడు. సముద్రానికి వీపు పెట్టి, కొండలున్న దిక్కుకి తిరిగి మర్నాటి దాకా కూచున్నాడు. మంచినీళ్లు తప్ప ముట్టలేదు. మర్నాడు తెల్లారాక అత్త పోయింది. మధ్యాన్నం కాకుండానే మట్టి చేసేశారు. సాయంత్రానికి ఆయన చేరాడు.

ఎంత లోతుకి, ఎన్ని నిమిషాలకి, ఎంతసేపు ఆగాలో చెప్పే పట్టిక ఒకటుంటుంది. నా షాపు గోడకే ఉంది. ఆ రోజు దానివైపు చూడలేదు. మోచెయ్యి పట్టుకున్న మనిషే కళ్లలో ఆడాడు. మూడో రోజు చూశాను. ఆ కాస్త లోతుకి, ఆ ఇరవై నిమిషాలకి ఆయన్ని ఆ సాయంత్రం బస్సుకే పంపొచ్చు. చీకటి పడ్డాక అత్తకి ఒకసారి తెలివొచ్చిందట. "మీ అయ్య వచ్చినాడా?" అని అడిగిందట. వచ్చి ఉండేవాడు. నేను వెధవని, తల తిప్పి గోడ చూడలేదు.

ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. తర్వాత ఐదేళ్లు మాతో అడవికి వచ్చాడు. చెబుదామని నోటిదాకా వచ్చేది. ఆయనేమో కొత్తవాళ్లకి నా తరఫున పాఠం చెప్పేవాడు, "సముద్రంలోంచి వత్తే ఒక రోజు ఆగాల. నానూ ఆగినాను" అని. అప్పుడు నాకు భూమిలోకి పోవాలనిపించేది. మాట మార్చేసేవాణ్ణి.

కబురొచ్చిన రోజు పొద్దున్న నేను రెండుసార్లు బాగా లోతుకి దిగాను. ఈసారి పట్టిక చూశాను, నిజంగానే ఆగాలి. ఆగాను. వాళ్లలో పొద్దున పోతే పొద్దుగూకేలోపు మట్టి చేసేస్తారు. ఆయన మొహం ఇక చూడనని తెలిసే మర్నాడు బయల్దేరాను. నాకది సరైన శిక్షే అనుకున్నాను.

మలుపు తిరిగాక ఊరు కనిపించింది. మధ్యాన్నం వేళ, ఒక్క ఇంటి కప్పు మీదా పొగ లేదు. శవం ఊళ్లో ఉండగా అక్కడెవరూ పొయ్యి వెలిగించరు. ముందురోజు పొద్దుటినుంచీ వెలగలేదన్నమాట. వాకిట్లో మంచం మీద మామ ఉన్నాడు. చుట్టూ ఊరంతా ఉంది. పిల్లలు ఏడవడం కూడా మానేసి తల్లుల ఒళ్లో వాలిపోయి ఉన్నారు.

కూతురు లేచి నా దగ్గరికొచ్చింది. "అయ్య ఎప్పుడో సెప్పినాడు బావూ. నాను పోతే, ఆ బావు సముద్రంలోంచి వత్తే ఒక రోజు ఆగండి, ఆడు బేగి రాలేడు అని. అమ్మకి ఆగనేదు కదా, అయ్య వచ్చేసరికి మట్టి కప్పీసినాం. నీకలాగవ్వకూడదన్నాడు" అంది.

ఆమెకైనా అప్పుడే చెప్పాల్సింది. వెళ్లి మంచం కోడు పట్టుకున్నాను.

అందరం మోసుకెళ్లి అత్త పక్కనే దించాం. వాగులో మునిగి వచ్చేసరికి ఒక్కో ఇంటి మీద పొగ లేస్తోంది. కూతురు కుండలో అంబలి కాచి బయటికి తెచ్చింది. పిల్లలు ఆకుదొప్పలు పట్టుకుని ఆమె చుట్టూ చేరారు. వాళ్లని చేత్తో పక్కకి జరిపి, దూరం నుంచి వచ్చాడని, మొదటి దొప్ప నాకే పోసింది. పిల్లలు చూస్తూ నిలబడ్డారు. తాగాను.