నలుగురం వస్తామన్న డ్రమ్స్ మావ

మా డ్రమ్స్ మావ పోయాడు. ఆదివారం పొద్దున్నే టీ తాగుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని ఆయన భార్య ఫోన్ చేసింది. మాకందరికీ ఆమె అత్త. ఎప్పుడో మూగబోయిన మా బ్యాండ్ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త నేనే పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు రెండు వచ్చాయి. అంతే.

మావ చేపల వేటకెళ్ళే చిన్న పడవలు, డుంగీల ఇంజన్లు బాగుచేసేవాడు. శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవికి వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. లంబాలైన్‌లో ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో మా ప్రాక్టీసు. నేను పాడేవాణ్ణి. నా ఈడు స్నేహితులిద్దరిలో ఒకడిది గిటారు, ఇంకొకడిది కీబోర్డు. నాకూ ఒక గొంతుందని మొదట నమ్మినవాడు మావే.

విమానం దిగేటప్పుడు ఆ షెడ్డులో మా పాట మాకే వినపడేది కాదు. మావ కర్రలు పైకెత్తేవాడు, అందరం ఆగేవాళ్ళం. ఆయన పాదం మాత్రం తాళం వేస్తూనే ఉండేది. "రుకో గానీ, లెక్క వదిలీకండిరా" అనేవాడు. మోత తగ్గగానే ఆపిన చోటే అందుకునేవాళ్ళం. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, డైరీ ఫార్మ్ పేట‌లో ఒక పెళ్ళి విందులో విమానం చప్పుడు వినగానే నలుగురం పల్లవి మధ్యలో ఠక్కున ఆగిపోయాం. కరెంటు పోయిందనుకుని పెళ్ళికొడుకు తండ్రి జనరేటరు దగ్గరికి పరుగెత్తాడు. ఆ సంగతి చెప్పుకుని మావ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు.

మా తెలుగువాళ్ళ సంఘం వార్షికోత్సవానికి ఏటా వైజాగ్ నుంచి ఆర్కెస్ట్రా వచ్చేది. మాకు కుర్చీలు సర్దే పని. ఆ స్టేజీ మీద ఒక్కసారైనా వాయించాలని మావకు ఎంత ఆశో! ఒక ఏడాది ఓడలో వచ్చిన వాళ్ళ డ్రమ్మరు వాంతులతో మంచం పట్టాడు. కమిటీ పెద్దమనిషి ఒకాయన షెడ్డుకు వచ్చాడు.

"నువ్వొక్కడివే రా భయ్యా. ఈ కుర్రోళ్ళు ఆ లెవెల్ కాదు కదా."

"మేం నలుగురం బాబూ. పిలిస్తే నలుగుర్నీ పిలు. నేదంటే ఛోడో."

ఆయన వెళ్ళిపోయాడు. గిటారువాడు మావను గట్టిగా కౌగిలించుకుని "నువ్వు దేవుడివి మావా" అన్నాడు. ఆ సాయంత్రం డ్రమ్స్ లేకుండానే కార్యక్రమం నడిచింది. చివరి వరసలో కూర్చుని మావ మోకాలి మీద వేళ్ళతో వాయించుకున్నాడు. నా మొహం చూసి "ఏటిరా, అగ్లే సాల్ మననే పిలుస్తార్లే" అన్నాడు. మరుసటి ఏడాదే కాదు, ఏనాడూ పిలవలేదు.

గిటారువాడు ఇప్పుడు కాంట్రాక్టరు. ఆ కమిటీలో వాడూ ఒక పెద్దమనిషే, ఆర్కెస్ట్రాకు విమానం టికెట్లు వాడే బుక్ చేస్తాడు. కీబోర్డువాడికి డాలీగంజ్‌లో దుకాణం ఉంది. మావను సాగనంపిన రోజు ఒకడు సైటులో ఉన్నానన్నాడు, ఇంకొకడు స్టాకు దిగుతోందన్నాడు. వాళ్ళిద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోతోంది. కమిటీ పిలిచిన రోజు ఒక్కడివే వెళ్ళి వాయించి ఉండొచ్చు కదా అని మావ మీదా కోపమే. ఎవరి కోసం వదులుకున్నాడు ఆ స్టేజీ?

పదకొండో రోజు భోజనాలకు అత్త ముగ్గుర్నీ పేరుపేరునా పిలిచింది. మా కోసం ఒకే వరసలో మూడు విస్తళ్ళు వేయించింది. మధ్యదాంట్లో నేను కూర్చున్నాను. అటూ ఇటూ ఖాళీ. చుట్టాలు తిని లేస్తున్నారు.

"మిగతావోళ్ళు ఏరిరా?"

"వత్తన్నారత్తా" అన్నాను.

"అరే, సల్లారిపోద్ది కదరా" అంటూ అత్త ఆ రెండు విస్తళ్ళలోనూ అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. ఈగలు వాలకుండా కొంగుతో విసురుతూ అక్కడే నిలబడింది.