పదకొండో గది షీటు

ఫ్రీమాంట్‌లో లీలావతిని ఎరిగినవాళ్ళకి ఆమె గురించి తెలిసినవి రెండే సంగతులు. గుడిలో ఎంతమందికైనా సరే పులిహోర ఆమె చేత్తోనే కలపాలి. రెండోది, ఆమెకి గవర్నమెంటు ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఏం చేస్తావని ఎవరైనా అడిగితే, కాగితాలకి నంబర్లు వేస్తానని చెప్పి ఊరుకునేది. ఏదో గొప్ప ఉద్యోగం దాచిపెడుతోందని కొందరు అనుకునేవాళ్ళు గానీ, నిజానికి అంతే.

ఇంటర్ తప్పిన మనిషి. పెళ్ళయి భర్త శ్యామ్‌సుందర్ వెంట ఈ దేశం వచ్చి, పాతికేళ్ళు వంటా ఇల్లూ చూసుకుని, సిటిజన్‌షిప్ వచ్చాక టైపు పరీక్ష రాసి ఈ కొలువులో చేరింది. రైలెక్కి నలభై నిమిషాలు వెళ్ళాలి. ఫెడరల్ జైళ్ళనీ, ఫెడరల్ పోలీసు శాఖల్నీ తనిఖీ చేసే ఆఫీసు అది. పెద్దవాళ్ళు వెళ్ళి చూసి వచ్చి, ఇక్కడ ఇది బాగాలేదు, ఇలా బాగుచేసుకోండి అని సిఫార్సులు రాస్తారు. బాగుచేసినట్టు రుజువు వచ్చేదాకా ఆ సిఫార్సు ఓపెన్. రుజువు వస్తే క్లోజ్. ఆరు నెలలకోసారి ఆ లెక్కంతా వాషింగ్టన్‌కి పోతుంది.

రుజువులు పెట్టెల్లో వస్తాయి. ఒక్కో పెట్టెలో వేల కాగితాలు. ఆడిటర్లు పైన పది, కింద పది, మధ్యలో చేతికి అందిన ఓ పది చదువుతారు. వాళ్ళని అనడానికేం లేదు, గదినిండా పెట్టెలు. ప్రతి కాగితాన్నీ చేత్తో తాకేది లీలావతి ఒక్కతే. మూలకి నంబరు ముద్ర కొట్టి, చివర్లో, ఇన్ని కాగితాలు అందాయి, అన్నీ చూశాను అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడకపోతే పెట్టె ఫైలుకి ఎక్కదు.

చూశాను అంటే ముద్ర పడిందా లేదా చూడటమే, చదవక్కర్లేదు. కానీ రెండేళ్ళ కిందట శ్యామ్‌సుందర్ పోయినప్పటినించీ ఆమె చదవకుండా ముద్ర కొట్టలేకపోయేది. ఆయన పోయిన రోజు తెల్లవారాక నర్సు కాగితంలో, ఆరింటికి హాయిగా నిద్రపోతున్నారు అని రాసి ఉంది. ఆరింటికి ఆయన చెయ్యి లీలావతి చేతిలోనే ఉంది. అది చల్లబడి అప్పటికే గంటైంది. ఆమె ఎవరితోనూ గొడవ పడలేదు. ఎవరికీ చెప్పనుకూడా లేదు.

2009 సెప్టెంబరులో ఓ పెట్టె వచ్చింది. నాలుగు గంటల డ్రైవ్ దూరంలో, బాదం తోటలు దాటాక ఉన్న ఒక ఫెడరల్ జైలుది. అంతకుముందు అక్టోబరులో ఆ జైలులో, ఒక్కొక్కరినీ విడిగా బంధించే లాకప్ బ్లాకులో, పదకొండో గదిలో, వెస్లీ ప్రూయిట్ అనే ఖైదీ చచ్చిపోయాడు. పొద్దున పోయిన మనిషిని సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు. తలుపుకి వేలాడే షీటులో మాత్రం అరగంట అరగంటకీ, కూర్చున్నాడు, బాగున్నాడు అని రాసి సంతకాలు ఉన్నాయి. ఆ రిపోర్టు రాసింది కౌశిక్. ఇక్కడే పుట్టి పెరిగిన మనవాళ్ళబ్బాయి, ఆడిటరు, ఆఫీసులో అందరి ముందూ ఆమెని ఆంటీ అనే పిలిచేవాడు. అతని నాలుగో సిఫార్సు ఇది. అరగంటకోసారి కిటికీలోంచి స్వయంగా చూడాలి, చూసినప్పుడే రాయాలి, ముందే రాసి పెట్టుకోకూడదు. జైలువాళ్ళు సరేనన్నారు. ఇదిగో అలాగే చేస్తున్నాం అంటూ ఆరు నెలల షీట్లు పంపారు. నెలాఖరుకి క్లోజ్ చేసేయాలని పైవాళ్ళ తొందర.

లీలావతి ముద్రలు కొట్టుకుంటూ పోతోంది. ఒకటో గది, రెండో గది. మూడోరోజు పొద్దున పదకొండో గది షీట్లు వచ్చాయి. పైన పేరు ప్రూయిట్. తేదీ మార్చి 2009.

ముద్ర చేతిలోనే ఆగిపోయింది. పోయి అప్పటికి అయిదు నెలలు. ఉదయం ఎనిమిది: కూర్చున్నాడు. ఎనిమిదిన్నర: కూర్చున్నాడు. పన్నెండు: తిన్నాడు.

ఆమె ముందు తనే ఏదో పొరబడ్డాననుకుంది. కళ్ళద్దాలు తుడుచుకుంది. ఏప్రిల్‌లోనూ ప్రూయిటే. అక్షరాలు వేరే, సిరాలు వేరే, సంతకాలు వేరే. ఎవరో నిజంగా కిటికీలోంచి చూసి రాసినట్టే ఉన్నాయి. సగం తిన్నాడు. నడుస్తున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. జూన్‌లో, ట్రే ముట్టలేదు. ఆ కిందే, పిలిస్తే పలకలేదు. జూలై అంతా పలకలేదు, పలకలేదు అనే ఉంది. పోయినవాడు ఆ కాగితాల్లో మళ్ళీ మెల్లమెల్లగా పోతున్నాడు. ఆగస్టులో ఓ తేదీన, పిలిస్తే పలికాడు అని ఉంది. ఆనాటినించి రోజూ పలికాడు.

ఏసీ చల్లదనం ఎప్పుడూ ఉన్నదే, ఆ క్షణాన అది వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు తగిలింది.

లంచ్‌లో ఆ కాగితాలు కౌశిక్ ముందు పెట్టింది. అతను శాండ్‌విచ్ నములుతూ చూసి నవ్వేశాడు.

"ఘోస్ట్ కాదు ఆంటీ, కాపీ మెషీన్. కొత్త షీట్‌కి పేరు రాయడం బద్ధకం, పాతది కాపీ చేశారు. పేరు అలా ఉండిపోయింది. మీరు సీరియల్స్ తగ్గించండి."

ఆమె కూడా నవ్వబోయింది. పేరు సంగతి సరే. మరి కింద రాసింది?

"పేరు ఆయనది బాబూ. ట్రే ముట్టనిది ఎవరు?"

కౌశిక్ నమలడం ఆపాడు. ఆ గది ఖాళీగా ఉండాలి, మరమ్మతుల కోసం మూసేశామని జైలువాళ్ళు రాసిన కాగితం తన దగ్గరే ఉందన్నాడు. లీలావతి మే నెల షీటు ఒకటి తిప్పి అతని ముందుకి జరిపింది. మూలగా, చిన్నగా, ఎవరో ఒక్కసారే రాశారు. తను ప్రూయిట్ కాదని గొడవ చేస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే కౌశిక్ జైలుకి ఫోన్ చేశాడు. అక్కడి కెప్టెన్ మర్యాదగానే మాట్లాడాడట. బ్లాకులో ఎంతమంది ఉండాలో అంతమందీ ఉన్నారు, తలల లెక్క రోజూ సరిపోతోంది, షీట్లన్నీ మీకు పంపాం కదా అన్నాడట. ఇక్కడ లీలావతి వాళ్ళ పై ఆఫీసరు డెనిస్ మేడమ్ కూడా అదే అంది. పేరు తప్పు పడిందని ఓ ముక్క రాసి జతచేసి, శుక్రవారానికి క్లోజ్ చేసేయమంది. తర్వాత లీలావతి బల్ల దగ్గరికి వచ్చి, సంతకం అయిందా అని అడిగింది.

పన్నెండేళ్ళలో లీలావతి ఆ మనిషికి ఎదురు చెప్పింది లేదు. మీటింగుల్లో నోరు విప్పింది లేదు. అప్పుడు కూడా పెద్దగా ఏం అనలేదు. తలొంచుకుని, తనకి వచ్చిన ఇంగ్లీషులోనే, చూశాను అని రాసి సంతకం పెట్టాలి గదా, నేను చూడలేదు అంది. చూడటానికి ఏముంది, కాగితాలు నీ ఎదురుగానే ఉన్నాయిగా అని మేడమ్ అంటే, కాగితాలు చూశాను, ఆ మనిషిని చూడలేదు అంది. పెట్టెకి మూత పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. మేడమ్ కౌశిక్‌ని లోపలికి పిలిచింది. తలుపు మూశారు. బయటికొచ్చాక కౌశిక్, రేపు పొద్దున ఆరింటికి కార్‌తో మీ ఇంటికొస్తాను, ఒరిజినల్స్ పట్టుకుని మీరూ రావాలి అన్నాడు.

దారి పొడుగునా కౌశిక్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ గదిలో అసలు ఎవరూ లేకపోతే, అవి ఖాళీ గదికి రాసుకున్న రాతలే అయితే, తన రిపోర్టుకి మచ్చే గానీ ఎవరికీ ప్రమాదం లేదు కదా అని తనకి తనే చెప్పుకుంటున్నాడు. లీలావతి మాత్రం పెట్టెలో ఆఖరిదైన సెప్టెంబరు షీటులో ఏముందో తలుచుకుంటోంది. మూడు రోజులుగా ట్రే ముట్టలేదు, పిలిస్తే పలికాడు. ఆ షీటు తేదీ గడిచి పది రోజులైంది.

జైలు దగ్గర ఫోన్లు తీసుకున్నారు, బెల్టు విప్పించారు, చేతిమీద కంటికి కనపడని ముద్ర ఒకటి వేసి నీలం దీపం కింద చూశారు. ఒక తలుపు మూసుకుంటేగాని రెండోది తెరుచుకోదు. అలా ఎన్ని దాటారో. అనుమతుల కోసం గంటల తరబడి కూర్చోబెట్టాక, కెప్టెన్ వెంట లాకప్ బ్లాకుకి చేరేసరికి సాయంత్రం నాలుగు కావస్తోంది. నాలుగింటికి అక్కడ అందరూ లేచి నిలబడాలి. అది రోజూ ఉండే లెక్క. పడుకున్నవాడిని లెక్కేయరు, నిలబడ్డవాడినే లెక్కేస్తారు.

పొడుగాటి వరండా. రెండువైపులా తలుపులు, ఒక్కోదానికి చెయ్యి పట్టేంత కిటికీ. నేల తుడిచిన మందు వాసన. అంత మంది ఉన్న చోట దగ్గు కూడా వినిపించడం లేదు. డ్యూటీ ఆఫీసరు పాతికేళ్ళ పిల్ల, ఆ బ్లాకులో చేరి నెల కూడా కాలేదట. మూడు నెలలకోసారి డ్యూటీలు మారుతుంటాయి. ఎవరెవరో వచ్చి, తలుపు మీది పేరు చూసి పిలిచి పోతుంటారు.

పదకొండో గది దగ్గర ఆ పిల్ల తాళంచెవితో తలుపు కొట్టి, "ప్రూయిట్" అని పిలిచింది.

లోపల ఏదో కదిలింది. ఇనుప మంచం కీచుమంది. లీలావతి కిటికీకి మొహం ఆనించింది. చీకటి అలవాటయ్యాక, గోడని పట్టుకుని లేస్తున్న మనిషి కనిపించాడు. అరవై పైబడ్డవాడు. చొక్కా భుజాలనించి వేలాడుతోంది. లేవడానికి మూడుసార్లు ప్రయత్నించి నిలబడ్డాడు.

"ప్రూయిట్, మేడమ్," అన్నాడు.

కెప్టెన్ జేబులోంచి చెయ్యి తీశాడు. ఆయనకి ప్రూయిట్ తెలుసు. ఇతను అతను కాడని చెప్పడానికి ఆయనకి కిటికీలోంచి ఒక్క చూపు చాలింది. ఇన్నాళ్ళూ ఆ ఒక్క చూపూ చూడలేదు.

నీ పేరేంటని కౌశిక్ అడిగాడు. మళ్ళీ ప్రూయిట్ అనే చెప్పాడు. మొదట్లో కాదని చెప్పానండీ, కాదన్నవాడికి ట్రే ఆలస్యంగా వచ్చేది అన్నాడు, ఎవరి గురించో చెబుతున్నట్టు. ఇంకొకరి పేరుతో పలకడం అలవాటైపోయిన గొంతు అది. ఆ గొంతులో ఎక్కడా కోపం లేకపోవడమే లీలావతిని ఎక్కువ భయపెట్టింది.

ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. కిటికీ అద్దం మీద వేళ్ళు ఆనించి, మెల్లగా అడిగింది.

"చిన్నప్పుడు మీ అమ్మ ఏమని పిలిచేది?"

అతను గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి రెండడుగులు వేశాడు.

"మార్విన్," అన్నాడు చివరికి. ఇంకాసేపటికి, "మార్విన్ ఓట్స్."

కెప్టెన్ చేతిలోని జాబితా తిరగేశాడు. ఓట్స్ ఉండాల్సింది పదిహేడో గదిలో. అందరూ ఆ తలుపు దగ్గరికి నడిచారు. తలుపుకి ఓట్స్ షీటు వేలాడుతోంది. కూర్చున్నాడు, బాగున్నాడు. మందు వద్దన్నాడు. సాయంత్రం అయిదున్నర దాకా నింపి ఉంది. వరండా గడియారంలో నాలుగూ పది. కిటికీలోంచి చూస్తే లోపల పరుపు చుట్టి ఓ మూల పెట్టి ఉంది, నేలమీద దుమ్ము. మార్చిలో ఎవరో, కొత్తగా వచ్చినవాడిని పదిహేడుకి బదులు పదకొండులో పెట్టి తలుపు వేసుకుపోయారు. అతని షుగరు మందు ఆరు నెలలుగా రోజూ ఈ ఖాళీ గదికి వచ్చి తిరిగిపోతోంది. ఒకరి పేరు ఒకచోట, మనిషి ఇంకోచోట. తలల లెక్క మటుకు ఒక్కరోజు తప్పలేదు.

చక్రాల మంచం వచ్చింది. ఓట్స్‌ని దానిమీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే డాక్టరు నాడి చూసి, ఇంకో రెండు రోజులైతే అని ఏదో అనబోయి, కౌశిక్ చేతిలో కాగితం చూసి ఆపేశాడు. ఆస్పత్రిలో బతుకుతాడని మాత్రం చెప్పాడు. కౌశిక్ ఆ బ్లాకులోనే గోడకి ఆనుకుని, నాలుగో సిఫార్సు ఓపెన్ అని రాశాడు.

"పదండి ఆంటీ, మన టైమ్ అయిపోయింది," అన్నాడు.

లీలావతి రెండడుగులు వేసింది. అప్పుడు ఎడమవైపు తలుపు వెనకనించి, ఎవరో గొంతు తగ్గించి, ఒక పేరు చెప్పారు. తలుపు మీది షీటు చూస్తే అదే పేరు. ఎదుటి తలుపు వెనకనించి ఇంకో పేరు. తర్వాతది. ఎవరూ అరవడం లేదు, ఎవరూ ఏమీ అడగడం లేదు. కిటికీ కిటికీకీ ఒక మొహం వచ్చి ఆనుకుంటోంది, ఒక పేరు చెప్పి ఎదురుచూస్తోంది. వరండా పొడుగునా ఆ గొంతులు గాలి వీచినట్టు పాకిపోయాయి.

గేటు తెరిచి పట్టుకున్న ఆఫీసరు తొందరపెట్టింది. లీలావతి వెనక్కి తిరిగి ఒకటో గది దగ్గరికి నడిచింది. కెప్టెన్ చేతిలోని జాబితా తీసుకుని, సంచిలోంచి పెన్సిలు తీసింది.

"మళ్ళీ చెప్పు నాయనా," అంది తెలుగులోనే. లోపలివాడు ఏమర్థం చేసుకున్నాడో, తన పేరు మళ్ళీ చెప్పాడు.

ఆమె మొహం చూసి, షీటు చూసి, జాబితాలో గీత పెట్టి, రెండో తలుపు దగ్గరికి వెళ్ళింది.